నలభై రెండు ఎర్ర పెట్టెల వెంట

మా ముత్తాత చెన్నారం నరసింహారావు గారు ఏడు గ్రామాలకు దేశ్‌ముఖ్. ఆయన మాట లేనిదే ఆ ఏడు ఊళ్లలో చెరువు తూము ఎత్తేవారు కాదు. మా తాత రాఘవరావు గారి నాటికి ఏడు ఊళ్లు నాలుగయ్యాయి. అయినా ఆయన గుర్రం దిగకుండానే తహసీల్దారుతో మాట్లాడేవారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నాన్న దామోదరరావు గారి కాలంలో ఆ నాలుగూ పోయాయి. కొంత చట్టం తీసుకుంది, కొంత కోర్టులు తిన్నాయి. అంత పోయినా ఆయన ఎవరి గడప ముందూ నిలబడలేదు. నేను ఆయన పెద్ద కొడుకుని. జనగామలో ఒక రేకుల షెడ్డులో వ్యవసాయ మోటార్లకు స్టార్టరు పెట్టెలు చేయించి అమ్ముతాను.

స్టార్టరు పెట్టె అంటే బోరు దగ్గర కర్రకో గోడకో బిగించి ఉండే ఇనుప పెట్టె. ఆకుపచ్చ బటను నొక్కితే మోటారు తిరుగుతుంది, ఎర్ర బటను నొక్కితే ఆగుతుంది. మా పెట్టె మూత మీద ఇత్తడి రేకుపై 'చెన్నారం' అని చెక్కి ఉంటుంది. ఆ పేరు పెట్టేటప్పుడు మా బంధువులు కొందరు ముఖం చిట్లించారు. దేశ్‌ముఖుల పేరు బావుల దగ్గర వేలాడటమేమిటన్నారు. మంచి సరుకు మీద మంచి పేరు ఉండటంలో తప్పేముందన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

జనగామ: రంగు

నది అవతల మహారాష్ట్రలో దుకాణం ఉన్న ఒక వ్యాపారి మా పెట్టె చూసి మెచ్చుకున్నాడు. కానీ ఐఎస్ఐ గుర్తు లేనిదే తీసుకోనన్నాడు. నాకు కోపం వచ్చింది. మా పేరు మీద ఇంకొకరి ముద్ర ఎందుకని అడిగాను. అతను మర్యాదగానే జవాబిచ్చాడు. "సాబ్, ఇప్పుడు దేశమంతా ఒకటే బజారు. జనగామ పెట్టె మా ఊరికి వస్తుంది, మా ఊరి పెట్టె రాయపూర్ పోతుంది. కొనేవాడికి మీ తాతగారు తెలియదు. గుర్తు తెలుసు."

ఆ మాట రెండు రోజులు నమిలాను. మా ముత్తాత పేరు ఏడు ఊళ్ల పొలిమేర దాకా చెల్లింది. ఆ పొలిమేర దాటితే ఆయనా ఒక బాటసారే. పొలిమేరలు లేని బజారులో అమ్మాలంటే అందరూ ఒప్పుకున్న ఒక నియమానికి తలవంచాలి. అది ఎవరి కాళ్లకో మొక్కడం కాదని నాకు నేను నచ్చజెప్పుకొని, ఒక పెట్టెను హైదరాబాదులో పరీక్షకు పంపాను.

వారం తర్వాత పిలిపించారు. పరీక్ష చేసిన అమ్మాయి నా మనవరాలి వయసుది. పెట్టెను బల్ల మీద పెట్టి, "సర్, మీ రంగు చాలా బాగుంది. అదే సమస్య" అంది.

ఆ రంగు నా ఆలోచనే. కోటలాంటి మా పాత ఇల్లు, మా గడి తలుపులకు ఉండిన ముదురు ఎరుపు. తుప్పు పట్టకూడదని, పదేళ్లైనా వెలిసిపోకూడదని, లోపలా బయటా రెండేసి పూతలు వేయించాను. పని చేసిన వాళ్లు ఒక్క పూతకే ఆపుతామంటే ఒప్పుకోలేదు. ఆ రెండు పూతలు ఎర్తు బోల్టు చోటును కూడా కప్పేశాయి. భూమిలో దింపిన తీగను ఆ బోల్టుకే కడతారు. లోపల ఎక్కడైనా తీగ చిట్లి పెట్టెకు కరెంటు పాకితే, అది ఆ బోల్టు గుండా భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేయాలి. మా పెట్టెలో బోల్టు ఇనుమును తాకడం లేదు. రంగు మీద కూర్చుంది. అంటే కరెంటు పెట్టెలోనే ఉండిపోతుంది, చెయ్యి వేసేవాడి కోసం.

"ఈ శాంపిల్ సరిచేసి మళ్లీ పంపండి సర్, పాసవుతుంది" అంది ఆ అమ్మాయి.

"ఇదివరకే అమ్మినవి?" అన్నాను.

ఆమె కాగితం వైపు చూసి, "అవి మా పరీక్ష కిందికి రావు" అంది.

నా పేరు కిందికి వస్తాయి. నలభై రెండు పెట్టెలు. ఇరవై ఆరు జనగామ చుట్టుపక్కలే ఉన్నాయి. పదకొండు కేసముద్రం దుకాణం నుంచి ఆ చుట్టుపక్కలకే పోయాయి. అయిదు అక్కడి నుంచే కాటారం వైపు వెళ్లాయని విన్నాను. మే నెల చివరి రోజులు. నేల ఇంకా ఎండి ఉంది. మిర్గం, అంటే మృగశిర కార్తె, వస్తే వానలు పడతాయి, నారుమళ్ల కోసం మోటార్లన్నీ తిరుగుతాయి. రైతు తడి నేల మీద నిలబడి ఆకుపచ్చ బటను నొక్కుతాడు. నాకున్న గడువు అదే.

నాతో వచ్చినవాడు యాకయ్య. నలభై రెండు పెట్టెలనూ మా షెడ్డులో కూర్చిన మెకానిక్కు. యాభై దాటినవాడు. ముఖస్తుతి తెలియదు, ముఖం మీద చెప్పడమే తెలుసు. జనగామ చుట్టూ ఇరవై ఆరు పెట్టెలు ఎనిమిది రోజుల్లో పూర్తి చేశాం. ఫ్యూజులు పీకడం, బోల్టు విప్పడం, ఆకురాయితో ఇనుము తెల్లగా కనబడేదాకా రంగు గోకడం, పళ్లున్న వాషరు వేసి బిగించడం, మూతకు వేరే తీగ కలపడం, మీటరు పెట్టి చూడటం. బోల్టు పెట్టెను తాకితే మీటరు కుయ్‌మంటుంది. ఆ చప్పుడు నాకు సన్నాయి కంటే బాగుంది.

మొదటి రోజే యాకయ్య ఒక సలహా ఇచ్చాడు. "దొర, ఫిరీ సర్వీసింగ్ అని చెప్దాం. జనం సంబురపడ్తరు, పేరు ఖరాబు గాదు."

"తప్పు మనది. తప్పని చెప్పి బాగు చేద్దాం."

"గట్ల జెప్తే మల్ల ఎవడు గొంటడు?"

"కొనకపోతే కొనకపోనీ. అబద్ధం చెప్పి మా ఇంట్ల ఎవరూ అమ్మలేదు."

యాకయ్య ఆకురాయి తుడుచుకుంటూ, "మీ ఇంట్ల ఇంతకు ముందు ఎవరు గూడ ఏదీ అమ్మలే గద దొర" అన్నాడు. అదీ నిజమే.

కేసముద్రం: ముక్కాలి పీట

జనగామ స్టేషనులో మిరపకాయ బజ్జీలు కట్టించుకొని పొద్దుటి ప్యాసింజరు ఎక్కాం. ఎదురుగా కూర్చున్న ఒక అవ్వ మా సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఆకురాళ్లు చూసి, "ఏం బిడ్డా, కత్తులు నూరెటోళ్లా?" అని అడిగింది. యాకయ్య నన్ను చూపించి, "ఈయన దొర అవ్వా, నేను నూరెటోన్ని" అన్నాడు. అవ్వ నన్ను కిందికీ పైకీ చూసి, "దొరలు గూడ ప్యాసింజర్ల వస్తున్నరా ఇప్పుడు" అంది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది. వస్తున్నామని చెప్పాను. ఆమె సర్వపిండి ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. నువ్వులు బాగా పడ్డాయి. మా ఇంట్లో చేసేదానికంటే కరకరలాడింది.

కేసముద్రం మార్కెట్ యార్డులో వడ్ల కుప్పల మీద నీలం పట్టాలు కప్పి ఉన్నాయి. రైతులు కుప్పల పక్కనే దుప్పట్లు పరుచుకొని, మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తున్నారు. మా జనగామలో కాంటా ఆలస్యమైతే జనం గొడవ పెట్టుకుంటారు. ఇక్కడ పేకాట పెట్టుకున్నారు. చాయ్ పది రూపాయలు, గ్లాసు మాత్రం మావైపు కంటే చిన్నది.

మా పెట్టెలు అమ్మిన వీరేశం సేటు దుకాణం యార్డు ఎదురుగానే ఉంది. గుమ్మం నిండా నీళ్లు కాచే హీటర్ రాడ్లు వేలాడుతున్నాయి. ప్రతి దాని మీదా ఐఎస్ఐ గుర్తును పోలిన ఏదో బొమ్మ ఉంది. అడిగితే సేటు నవ్వాడు. "చూడనీకి గట్లనే ఉంటది రావ్ సాబ్. నూటాయాభైకి రాడ్డు గావాల్నంటరు, గుర్తు గూడ గావాల్నంటరు. రెండూ ఇస్తున్న."

వచ్చిన పని చెప్పాను. పదకొండు మంది పేర్లు, ఊళ్లు కావాలన్నాను. ఆయన నవ్వు ఆరిపోయింది.

"సర్వీసింగ్ అని చెప్పుండ్రి, పేర్లిస్త. పెట్టెల తప్పుందని చెప్తే మాత్రం ఇయ్య. నా దుకాణం బందయితది."

"తప్పుందనే చెప్త."

"అయితే మీ ఇష్టం, నా ఇష్టం."

ఆయన దుకాణంలోనే ఒక ముక్కాలి పీట లాక్కొని గుమ్మంలో కూర్చున్నాను. వెన్ను నిటారుగా, చేతికర్ర రెండు మోకాళ్ల మధ్య. మా నాన్న కోర్టు వరండాల్లో అలాగే కూర్చునేవారు. మొదటి గిరాకీ వచ్చాడు. అడిగి చెప్పాను, చెన్నారం పెట్టె ఉన్నదా అని, ఉంటే దాన్ని ముట్టవద్దని, తప్పు నాదేనని, నేనే చెన్నారం వాడినని. రెండో గిరాకీకీ అదే చెప్పాను. నాలుగో అతను సేటు వైపు తిరిగి, "మరి గీ రాడ్ల తప్పెవరిది సేటూ?" అని అడిగి, రాడ్డు కొనకుండానే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ముందే సేటు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "రాసుకో సాబ్, రాసుకొని జర లేసి పో. మీ తాత గూడ గింత మొండోడేనా?"

"ఇంకా మొండి" అన్నాను.

యాకయ్య బయట నిలబడి అంతా చూశాడు. తర్వాత రెండు రోజులు మేము ఏ ఊరికి వెళ్లినా ఆ పీట కథే చెప్పాడు. ప్రతిసారీ గిరాకీల సంఖ్య పెంచాడు. ఆ రెండు రోజుల్లో పది పెట్టెలు చూశాం. పదకొండోది కొన్నవాడు దాన్ని ఇంకా అట్టపెట్టెలోంచి తీయలేదు. కొత్త బోరు కోసం దాచి, బియ్యం డబ్బాల పక్కన పెట్టుకున్నాడు. అతని భార్య మాకు మజ్జిగ ఇచ్చి, "దొరవారే స్వయంగ రావాల్నా, ఒక మనిషిని పంపొద్దా?" అంది. పేరు నాది కాబట్టి మనిషినీ నేనే అన్నాను.

మానుకోట: బ్యాటరీ, చేపలు

మహబూబాబాద్‌ను మావాళ్లు మానుకోట అంటారు. అక్కడ లాడ్జిలో దిగిన రోజే మిర్గం. ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా దగ్గు పట్టుకుంటుందని నమ్మకం. మా ఇంట్లో ఉదయమే కబురు పంపితే చెరువు నుంచి చేపలు గుమ్మంలోకి వచ్చేవి. ఇక్కడ నేనే సంచి పట్టుకొని మార్కెట్టు బురదలో నిలబడ్డాను. కొర్రమీను కిలో ఆరు వందలన్నారు. నా ముందున్న పెద్దాయన బేరమాడుతుంటే చేపలమ్మే అక్క, "మిర్గం నాడు బేరమాడితే మందు పనిజేయది బాపు" అంది. ఆ తర్వాత బేరమాడటానికి ఎవరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు.

లాడ్జి పక్కన హోటలామె మా చేపలు పులుసు పెట్టి ఇచ్చింది. చింతపండు ఎక్కువ, మెంతులు తక్కువ. మా ఇంట్లో అయితే దానికి తలకిందులు. అయినా ఆ రోజు మిగల్చలేదు.

తినేసి మీటరు తీస్తే పలకలేదు. బ్యాటరీ అయిపోయింది. ఆ చదరపు బ్యాటరీ కోసం నాలుగు దుకాణాలు తిరిగాం. చివరికి పెళ్లి బ్యాండు వాళ్ల దుకాణంలో దొరికింది. మైకు లోపలిది తీసి ఇచ్చారు. బ్యాండు మేస్త్రీ డబ్బులు తీసుకోలేదు. "మైకు ఆగితే పెండ్లి ఆగది. మీది ఆగితే పానం బోతది" అన్నాడు. ఊరు పేరు, మనిషి పేరు అడగకుండా మాకు దక్కిన మర్యాదల్లో అది పెద్దది.

ఆ సాయంత్రమే మొదటి వాన పడింది. రేకుల మీద ఆ చప్పుడు వింటే ఏ రైతు బిడ్డకైనా ప్రాణం లేచి వస్తుంది. నాకు మాత్రం కాటారం వైపు పోయిన అయిదు పెట్టెలు కళ్ల ముందు కదిలాయి. పొద్దున్నే మొదటి బస్సెక్కాం.

భూపాలపల్లి: గని మనిషి

భూపాలపల్లి బొగ్గు ఊరు. లారీల వెనక దుమ్ము నల్లగా లేస్తుంది. షిఫ్టు సైరను మోగితే ఊరి నడకే మారిపోతుంది. మా వైపు మనిషిని చూసి ఏ ఇంటివాడివని అడుగుతారు. ఇక్కడ ఏ షిఫ్టని అడిగారు.

కాటారం బస్సుకు గంట ఉందంటే చాయ్ దుకాణంలో కూర్చున్నాం. తప్పు ఎక్కడుందో చూపడానికి నమూనాగా తెచ్చిన, ఇంకా గోకని పెట్టె బల్ల మీద పెట్టాం. పక్కన కూర్చున్నాయన గనిలో ఎలక్ట్రీషియనుగా చేసి ఈ మధ్యే రిటైరైనవాడు. అడగకుండానే మూత తీసి, ఎర్తు బోల్టు మీద గోరుతో గీకి చూశాడు.

"గీ రంగు ఎవరేయించిండ్రు?"

"నేనే."

"మస్తుగుంది. మనిషిని జంపనీకి గింత మంచి రంగు ఎందుకన్నా?"

యాకయ్య పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ ఆయన మాటలో పొల్లు లేదు. ఎందుకు వచ్చామో చెప్పాను. ఆయన తన చాయ్ నా వైపు జరిపాడు.

"గని లోపట ఎర్తు జూడంది బల్బు గూడ ఎలిగియ్యనియ్యరు. ముప్పయ్యేండ్లు జేసిన. పైకొచ్చి మా ఇంట్ల జూస్తే, ప్లగ్గు లేక తీగలు బోర్డుల దోపి అగ్గిపుల్ల గుచ్చి ఉంటయి. నా పెండ్లామే గుచ్చుతది. లోపటి రూలు బయట ఎవనికి బట్టది."

"మాకు పట్టింది" అన్నాను.

"ఆలిస్యంగ" అన్నాడు. తర్వాత తన సంచిలోంచి గుప్పెడు పళ్ల వాషర్లు తీసి యాకయ్య చేతిలో పోశాడు. పాత సరుకే, మంచి ఉక్కు. గోకిన కాడ రెండు వానలకే తుప్పు పడ్తదని కూడా చెప్పాడు.

కాటారం దాటాక

ఆ అయిదు పెట్టెలూ ఒకే చోట ఉన్నాయి. కాటారం నుంచి ఆటోలో వెళ్తే అడవి అంచున ఒక చిన్న పల్లె. రాత్రి వాన అక్కడా పడింది. నారుమళ్లలో నీళ్లు నిలిచాయి. మేము అడిగింది చెన్నారం పెట్టెల గురించి. మాకు చూపించింది చెన్నారం మల్లయ్య ఇల్లు.

మల్లయ్య నలభై ఏళ్ల కింద మా ఊరు చెన్నారం విడిచి ఆ వైపు వచ్చి, మూడెకరాలు కొనుక్కొని నిలబడ్డవాడు. ఇప్పుడు డెబ్బై దాటాడు. అతని తండ్రి మా ఇంట్లో జీతం ఉండేవాడట. నాకు గుర్తు లేదు, అతనికి మాత్రం మా తాతగారి గుర్రం రంగు కూడా గుర్తుంది. వడ్లు అమ్మడానికి కేసముద్రం వెళ్లినప్పుడు దుకాణంలో మా పేరు చూసి, తనకొకటి, చుట్టుపక్కల వాళ్లకు నాలుగు కొనిపించాడు. ఇతర కంపెనీల పెట్టెలు చౌకగా ఉన్నా వినలేదట.

కోడలు సమ్మక్క మాకు మంచం వాల్చి నీళ్లిచ్చింది. మేము వచ్చిన పని చెప్పేలోపే మల్లయ్య లేచాడు. "బోరు కాడికి పోదాం దొర, మీ పెట్టె ఎట్ల నడుస్తుందో సూద్దురు గని." వద్దు, ఆగమన్నాను. ఆయనకు వినపడలేదు, లేదా సంబరంలో వినలేదు. ముందు నడుస్తున్నాడు.

బోరు దగ్గర సర్వీసు కర్రకు మా ఎర్ర పెట్టె. పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. కింద అడుగు మేర బురద. మల్లయ్య పెట్టెకు నాలుగు గజాల దూరంలో ఆగి, రబ్బరు చెప్పులు విడిచి పక్కకు పెట్టాడు. బురదలోకి వట్టి కాళ్లతో దిగి, పెట్టెకు దండం పెట్టి, చెయ్యి చాపాడు.

మా గడి ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేత పట్టుకొని నడిచేవారని నేను విన్నాను. చూడలేదు. ఆ క్షణాన, దాచను, నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. ఊరు వదిలి నలభై ఏళ్లైనా మా పేరుకు చెప్పులు విడిచే మనిషి ఉన్నాడనుకున్నాను. మరుక్షణం ఆ తడి కాళ్లు కనిపించాయి.

"ముట్టకు!" అని అరిచాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. యాకయ్య అప్పటికే పరుగెత్తి మల్లయ్య భుజం పట్టి వెనక్కి లాగాడు. తర్వాత తన బూట్లతో పక్క గట్టు మీద నిలబడి, టెస్టరు కొన పెట్టె మూలకు ఆనించాడు.

టెస్టరు వెలిగింది. ఎర్రగా, ఆరకుండా.

అప్పటిదాకా చూసిన పెట్టెల్లో ఏ ఒక్కటీ టెస్టరును వెలిగించలేదు. అన్నిటిలో తప్పు ఉంది, కానీ ఏ ఒక్కదానిలో తీగ చిట్లలేదు. ఇక్కడ చిట్లింది.

యాకయ్య ఫ్యూజులు పీకాడు. మల్లయ్య పెట్టె వైపే చూస్తూ అన్నాడు.

"జుమ్ముమంటనే ఉండె దొర. నెల దినాల సంది. దొరల పెట్టె గద, జర కోపముంటదనుకున్న."

"నాకెందుకు కబురు పెట్టలేదు?"

"మీ మీద మీకే ఏమని జెప్పాలె?"

మూత తీస్తే లోపల తీగ అంచుకు ఒరుసుకొని రాగి బయటపడి ఉంది. ఎర్తు తీగ మాత్రం పద్ధతిగానే ఉంది. గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, రాడ్డు దించి, రోజూ చెంబుడు నీళ్లు పోస్తున్నారు. రైతు చేయాల్సింది రైతు చేశాడు. ఆపింది నా రెండో పూత.

ఆ పెట్టెను విప్పి పక్కన పెట్టి, మా నమూనా పెట్టె బోల్టు చోటు గోకి, పళ్ల వాషరు వేసి బిగించాం. మీటరు కుయ్‌మంది. ఇక బటను నొక్కవచ్చన్నాను. మల్లయ్య మళ్లీ వట్టి కాళ్లతోనే దిగబోయాడు.

"చెప్పులు తొడుక్కో మల్లయ్యా."

"మీ ముంగట ఎట్ల తొడుక్కుంట దొర?"

"నా ముందే తొడుక్కోవాలె. కరెంటు పెట్టె ముందు రబ్బరు చెప్పులు లేకుండ నిలబడొద్దు. అది రూలు."

"మా నాయిన మీ గడి ముంగట సెప్పులు సేతుల బట్టుకొని నడిసిండు. గా పేరు గనబడ్తే నా కాళ్లు వాటంతటవే ఇడుస్తయి. నేను ఇడిసేది గాదు."

గట్టు మీద నిలబడిన సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మాట ఆపుకోలేదు. "అప్పుడేమో ఇడువుమంటిరి, ఇప్పుడేమో తొడుగుమనవడ్తిరి. ఏదో ఒక్కటి ఖాయం జెయ్యుండ్రి దొర, మా మామ ముసలోడు, రెండు మాటలు యాదుండయి."

యాకయ్య నా ముఖం చూశాడు, నేను ఏమంటానోనని. నేను వెళ్లి ఆ చెప్పులు తీసుకొచ్చాను. ఒకదాని వారు తెగితే పిన్నీసు పెట్టి ఉంది. వాటిని అతని కాళ్ల ముందు, వేళ్లు పెట్టె వైపు ఉండేలా పెట్టాను. ఇది మా ఇంట్లో ఎవరైనా చేశారో లేదో నాకు తెలియదు. నేను చేశాను. నడుం పట్టేస్తే యాకయ్య లేపాడు.

"ఖాయం చేసిన" అన్నాను సమ్మక్కతో.

మల్లయ్య కళ్లు తుడుచుకోలేదు, నవ్వలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి, వెళ్లి ఆకుపచ్చ బటను నొక్కాడు. పైపు దగ్గి, నీళ్లు పోసింది.

బోరు దగ్గర నుంచి కదిలే ముందు ఇత్తడి రేకు తీసేస్తానన్నాను. పేరు చూసి కాళ్లు వాటంతటవే విడుస్తాయన్న మాట నన్ను వదలలేదు. మల్లయ్య పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు, చెప్పులతోనే.

"పేరు ఉండనియ్యి. చెన్నారం మీ ఒక్కలదేనా? నేను గూడ గక్కడనే పుట్టిన."

ఆ మాటకు నేను ఎందుకు అంత సంతోషించానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా ముత్తాత కాలంలో ఆ మాట అనగలిగిన మనిషి ఆ ఏడు ఊళ్లలో లేడు. ఆ రోజు సమ్మక్క పెట్టిన జొన్న రొట్టె, పచ్చి పులుసు, మల్లయ్యా నేనూ ఒకే మంచం మీద కూర్చొని తిన్నాం. పచ్చి పులుసులో ఉల్లిగడ్డలు మా ఇంట్లో లాగే సన్నగా తరిగి ఉన్నాయి. చెన్నారం పద్ధతి అదే.

మిగిలిన నాలుగు పెట్టెలూ పొద్దుగూకే లోపు అయిపోయాయి.

తిరిగి జనగామ

గోకిన చోట రెండు వానలకే తుప్పు పడుతుందని గని మనిషి చెప్పింది నిజమే. నేను చేసింది తాత్కాలికం. సరిచేసిన నమూనా మళ్లీ హైదరాబాదు వెళ్లి, పరీక్ష దాటి, గుర్తు తెచ్చుకుంది. ఆ అమ్మాయి ఫోను చేసి చెప్పినప్పుడు షెడ్డులో అందరికీ మిఠాయి పంచాను. ఇప్పుడు మా మూత మీద రెండు ముద్రలున్నాయి. ఒకటి చెన్నారం. రెండోది ఏ రాష్ట్రంలో ఏ రైతైనా గుర్తుపట్టేది. ఆ రెండోదాన్ని అడిగి పుచ్చుకోలేదు, నిలబడి గెలుచుకున్నాం. నది అవతలి వ్యాపారి ఇరవై పెట్టెలకు కబురు పంపాడు. ముందు నలభై రెండు మంది, తర్వాతే మీరు అని చెప్పాను.

పాత పెట్టెలు ఒక్కొక్కటే వెనక్కి తెప్పించి, గుర్తున్న కొత్త పెట్టె ఎవరి బోరు దగ్గరికి వాళ్లకు పంపాం. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. దానికోసం సిద్దిపేట రోడ్డు పక్కన, నాన్నగారి పేరు మీద మిగిలిన ముప్పై గుంటల మెట్ట చెలక అమ్మాం.